గద్దల గుట్ట బలుసు

వృక్షశాస్త్రం చదువుకుని, ఉద్యోగం దొరికి మా అనంతపురం జిల్లాకు వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. కూర్చోగానే అడిగేది ఒకటే. "సార్, ఈ ఎండలో, ఈ రాళ్ళల్లో పరిశోధన చేయడానికి ఏముంటుంది?" అంటారు. ఏమీ ఉండదని ముందే తీర్మానం చేసుకుని ఉంటారు. కోస్తాకు బదిలీ ఎప్పుడు చేయించుకుందామా అన్నది మొహం మీదే కనబడుతూ ఉంటుంది. వాళ్ళకు కాఫీ ఇచ్చి పంపేస్తాను. నోటితో చెప్పబోతే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాత మాట సగంలో వదిలేసి లేచిపోతాను. అందుకని రాసి పెడుతున్నాను. చదివే ఓపిక ఉన్నవాళ్ళు చదువుకోండి.

నేను లెక్చరరు ఎప్పుడయ్యాను, ఏ కమిటీలో ఉన్నాను అన్నవి ఇందులో లేవు. అవి ఎట్లా వస్తాయో మీకు నాకంటే బాగా తెలుసు. ఒక తప్పు గురించి, ఒక మనిషి గురించి, ఒక ముళ్ళపొద గురించి రాస్తాను.

మాది బెళుగుప్ప పక్కన పల్లె. పందొమ్మిది వందల యాభైల్లో నేను అనంతపురం కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరిన కొత్తలో మా నాయన అడిగాడు, "నీ పని ఏందిరా?" అని. మొక్కలు ఏరుకొచ్చి, కాగితాల మధ్య ఎండబెట్టి, అట్టలకు కుట్టి పెట్టాలని చెప్పాను. ఆయన కాసేపు బీడీ కాల్చి అన్నాడు, "ఈడ ఎండబెట్టేదానికి మనిషి కావల్నా? దేవుడే ఎండబెడతాండాడు గదరా."

మా ఉద్యోగం గురించి అంత సరిగ్గా చెప్పినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

నేను కనిపెట్టిన కొత్త జాతి

మా హెడ్డు శేషాచలం గారు. కోస్తా మనిషి. ఎవరో పెద్దాయన ముందు మాట తూలినందుకు అనంతపురానికి తోసేశారని చెప్పుకునేవాళ్ళు. శిక్షగా వచ్చిన మనిషి, శిక్ష తీరిపోయాక కూడా కదల్లేదు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. కాలేజీ వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని, అందులో సగం పాత కాగితాలకిచ్చి మిగతా సగంలో ఆయన ఉండేవారు. నోరు మంచిది కాదు. తప్పు చేస్తే నలుగురిలోనే కడిగేసేవారు. కానీ ఆయన కడిగిన తప్పు మళ్ళీ చేసినవాణ్ణి నేను చూడలేదు.

చేరిన ఏడాది ఎండాకాలంలో మా ఊరి పక్క బీడు నేలలో నాకొక మొక్క కనబడింది. జానెడు ఎత్తు. ఆకులు గోరంత. కాండం ఎర్రగా, గట్టిగా, పుల్లలా ఉంది. పుస్తకాల్లో ఎక్కడ వెతికినా దానికి జోడు దొరకలేదు. కొత్త జాతి అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా, దానికి మా ఊరి పేరు కలిపి ఒక లాటిన్ పేరు కూడా తయారు చేసుకున్నాను. రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

శేషాచలం గారు ఎండిన మొక్కను తిప్పి తిప్పి చూసి, "బతికున్నది వేరుతో సహా పట్టుకురావయ్యా," అన్నారు. తెచ్చాను. ల్యాబులో చేతులు కడిగే తొట్టి నీళ్ళు బయట ఎక్కడ పడతాయో అక్కడ నాటించారు. వానాకాలం వచ్చేసరికి నా కొత్త జాతి నడుము ఎత్తు పెరిగింది. ఆకులు అరచేయంత అయ్యాయి. ముళ్ళముళ్ళ కంకులు వేసి, దారిన పోయేవాళ్ళ పంచెలకు అంటుకోవడం మొదలుపెట్టింది. ఉత్తరేణి! ప్రతి పెరట్లోనూ ఉండే ఉత్తరేణి! మా అమ్మ దాని పుల్లతో పళ్ళు తోముకునేది.

బీఎస్సీ పిల్లలందరి ముందూ ఆయన అన్నారు, "ఇది కొత్త జాతి కాదయ్యా. దాహం. ఈ జిల్లాలో ఒక మొక్కను చూసి ఇది వేరే రకమని అనిపిస్తే, ముందు దానికి కడుపునిండా నీళ్ళు పోసి చూడు. తర్వాత మాట్లాడు."

ఆ ఏడాదంతా పిల్లలు నన్ను ఉత్తరేణి సారు అన్నారు. ఉడుక్కున్నాను గానీ, నా వృత్తిలో నేర్చుకున్న మొదటి నిజం అదే. కరువు నేలలో ఆకలి రకరకాల వేషాలు వేస్తుంది. వేషాన్ని చూసి పేరు పెట్టేవాడు తొందరపాటు మనిషి.

రెండు గుట్టలు

ఇక బలుసు సంగతి. మీరు పట్నం పిల్లలైతే బలుసును సామెతలోనే విని ఉంటారు, "బతికుంటే బలుసాకు తినొచ్చు" అని. ముళ్ళ పొద. చిన్న చిన్న పూలు, పసుపు పచ్చని కాయలు. మేకలకు ఇష్టం. తిండి లేనప్పుడు మనుషులకూ అదే కూర.

తనకల్లు దగ్గర ఒక పల్లెకు అటొకటి ఇటొకటి రెండు గుట్టలున్నాయి. పెద్ద గుట్ట, గద్దల గుట్ట. నడుమ వేరుశనగ, మా మాటలో చెనక్కాయ, చేలు. రెండింటి మీదా బలుసు ఉంది. చూడటానికి ఒకటే ఆకు, ఒకటే ముల్లు. కానీ పెద్ద గుట్ట బలుసు ముంగారు వానలకు, అంటే ఎండాకాలం చివర పడే తొలి జల్లులకు పూస్తుంది. గద్దల గుట్ట బలుసు అప్పుడు ఉలకదు, పలకదు. ఆర్నెల్లు ఆగి, కార్తీకంలో హింగారు వానలు పడ్డాక పూస్తుంది. ఈ తేడాను శేషాచలం గారు నేను చేరకముందే పట్టుకున్నారు. ఏడాదికి రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చేవారు. నేను చేరాక నన్నూ లాక్కెళ్ళేవారు.

ఒకసారి గద్దల గుట్ట ఎక్కుతూ అడిగాను, "సార్, రెండూ ఒకటే జాతి కదా, పూత ముందూ వెనకా అయితే ఏమవుతుంది?" అని.

ఆయన రాయి మీద కూలబడి రొప్పుతూ చెప్పారు. "అన్నదమ్ములు వేరుపడటం చూశావా? మొదట పొయ్యి వేరవుతుంది. ఆ తర్వాత రాకపోకలు తగ్గుతాయి. మనవల కాలానికి వచ్చేసరికి, వీధిలో ఎదురుపడినా ఎవరివయ్యా నువ్వు అని అడుగుతారు. అంతే. ఈ గుట్టంతా బండ. ఎండాకాలం జల్లుకు పూసినవి కాయ నిలవకుండా మాడిపోయి ఉంటాయి. ఆలస్యంగా పూసినవాటికే నాలుగు కాయలు దక్కాయి. వాటి పిల్లలు ఇంకాస్త ఆలస్యంగా పూశాయి. ఇది పూసేనాటికి అక్కడ పువ్వు లేదు. అది పూసేనాటికి ఇక్కడ పువ్వు లేదు. పురుగు ఎటు ఎగిరినా పుప్పొడి మోసుకొచ్చేదేముంది? గోడ కట్టలేదు, కొట్లాట లేదు. వేరుపడిపోతున్నాయి. ఒకటి రెండవుతోందయ్యా ఇక్కడ, మన కళ్ళ ముందర."

ఆయన అంతసేపు ఎవరినీ తిట్టకుండా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

కానీ ఆయనే తన మాట నమ్మలేదు. ఉత్తరేణి పాఠం నాకు చెప్పిన మనిషి కదా. ఇది కూడా నేలను బట్టి, నీటిని బట్టి వేసిన వేషమేమో. తేల్చాలంటే ఒకటే దారి. రెండు గుట్టల గింజలూ తెచ్చి, ఒకే మడిలో, ఒకే మట్టిలో, ఒకే నీళ్ళు పోసి పెంచాలి. అక్కడా పెద్ద గుట్టది ముంగారుకు, గద్దల గుట్టది హింగారుకు పూస్తే, తేడా నేలలో లేదు, రక్తంలోనే ఉందన్నమాట. కాలేజీ తోటలో, ల్యాబు గోడ వారన మడి కట్టించారు. రెండు వరుసలుగా గింజలు వేశారు. చుట్టూ కంప నాటించారు. బలుసు గింజ మొలిచి పూతకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆయనకు రిటైర్మెంటు దగ్గర పడుతోంది.

క్లాసులో ఒక కుర్రాడు అడిగాడోసారి, "కొత్త జాతులు పుడతాయంటారు, మరి మాకెందుకు కనబడవు సార్?" అని. "పుడుతూనే ఉంటాయి నాయనా, చూసేవాడే ముందు పోతాడు," అన్నారు శేషాచలం గారు. పిల్లలు నవ్వారు. ఆయన కూడా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బలుసాకు

అరవైల నడుమ వానలు వరుసగా ఎగ్గొట్టాయి. ముంగారు లేదు, హింగారు లేదు. చేలల్లో వేసిన విత్తనం వేసినట్టే ఉండిపోయింది. తనకల్లు పోయే బస్సులో మనుషులు మాట్లాడుకోవడం కూడా తగ్గించేశారు. ఊరి బయట గంజి పోసేచోట పిల్లలు చెంబులు పట్టుకుని పొద్దున్నుంచే కూర్చునేవాళ్ళు.

ఆ కార్తీకంలో మేం గద్దల గుట్ట ఎక్కేసరికి పైన మనుషులున్నారు. ఆడవాళ్ళు బలుసాకు దూసి ఒళ్ళో పోసుకుంటున్నారు. కొడవళ్ళతో కొమ్మలు నరికి కింద మేకలకు వేస్తున్నారు. మా బలుసు సగం మోడైపోయింది. శేషాచలం గారు "ఆగండమ్మా!" అని అరిచారు. అందరూ ఆగి చూశారు. వాళ్ళల్లో గంగమ్మ ఒకతె. కింది పల్లె మనిషి. మొగుడు ముందటేడే పోయాడు. ఇద్దరు పిల్లలు, మేకలు, ఆమె ఆస్తి అంతే. మమ్మల్ని ఏటేటా చూసి ఎరిగినది కాబట్టి ముందుకొచ్చింది.

"ఏమప్పా సామీ, అట్లా అరుస్తాండావు?"

"ఈ చెట్టు ఇంకెక్కడా లేదమ్మా. ప్రపంచం మొత్తం మీద ఈ గుట్ట మీదే ఉంది," అన్నారు ఆయన.

"బలుసే కదా సామీ?"

"బలుసే. కానీ అటుపక్క గుట్ట మీద ఉండేది వేరు, ఇది వేరు."

గంగమ్మ చేతిలో రెమ్మను చూసింది, ఆయన్ను చూసింది. "ఆ గుట్ట ఆకు అయిపోయినాది. దాంది తిని ఇన్ని దినాలు బతికినాం. ఇంగ ఇదే ఉండాది. ఆకు లేకుంటే మేకలు సస్తాయి. మేకలు సస్తే పాలు లేవు, నా సిన్నోడు బతకడు. నువ్వే సెప్పు, ఏం జేయాల?"

ఆయన ఆమె చేతిలోని రెమ్మను ఒకసారి చూసి, వెనక్కి తిరిగి గుట్ట దిగడం మొదలుపెట్టారు. నేనూ వెనకే దిగాను.

కానీ జవాబు లేనప్పుడు మనిషి ఊరుకోడు. అక్కడి ఫారెస్టు రేంజరు ఆయన పాత శిష్యుడు. శేషాచలం గారు వెళ్ళి అడిగితే కాదనలేకపోయాడు. గద్దల గుట్టకు కాపలా పెట్టించాడు. వారం తిరగకుండా గుట్టెక్కిన మేకలను తోలుకెళ్ళి బందెల దొడ్డిలో కట్టేశారు. అందులో గంగమ్మవీ ఉన్నాయి. జరిమానా కట్టి విడిపించుకునే దారి ఆమెకు లేదు.

ఈ మాట తెలిసిన రోజే ఆయన నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కారు. దొడ్డి దగ్గర గంగమ్మ చిన్నవాణ్ణి చంకలో వేసుకుని కూర్చుని ఉంది. లోపల రెండు మేకలు అప్పటికే చచ్చి పడి ఉన్నాయి. ఆయన్ను చూసి ఆమె లేవలేదు.

"నీ సెట్లను నువ్వు కాసుకుంటివి. నా పిల్లోళ్ళను ఎవరు కాయాల సామీ?" అంది. గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆయన రేంజరు దగ్గరికి పోయి, ఏం మాట్లాడారో ఏమో, కాపలా తీయించారు. మేకలను విడిపించారు. స్వయంగా పల్లెలోకి పోయి చెప్పారు, "కోసుకోండమ్మా. వేర్లు మాత్రం ఉంచండి, మళ్ళీ చిగురేస్తాయి." అందరూ సరేనన్నారు. కానీ ఆకు అయిపోయాక కొమ్మ, కొమ్మ అయిపోయాక పొయ్యిలోకి వేరు. ఏ ఇంట్లోనైనా అంతే జరుగుతుంది. నేను వాళ్ళను తప్పుపట్టను. మరుసటి ఏడు ఎక్కి చూస్తే బండ సందుల్లో గుంటలు మిగిలాయి.

గద్దల గుట్ట బలుసు ఇక కాలేజీ మడిలో మాత్రమే ఉంది.

మడిలో స్నానం

కాలేజీ బావి అడుగంటింది. వీధివాళ్ళంతా అక్కడికే బిందెలతో వచ్చేవాళ్ళు. తోటకు చుక్క నీళ్ళు పోయకూడదని ప్రిన్సిపాలు ఉత్తర్వు వేశారు. న్యాయమైన ఉత్తర్వే.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి మా హెడ్డుగారు మడి మధ్యలో పీట వేసుకుని, గోచీ పెట్టుకుని, తన వంతు బకెట్టు నీళ్ళతో స్నానం చేస్తున్నారు. సబ్బు లేదు, సీకాయ లేదు. ఒక చెంబు నెత్తిన పోసుకోవడం, పీట కాస్త జరుపుకోవడం, మళ్ళీ ఒక చెంబు. నీళ్ళన్నీ గద్దల గుట్ట వరుస మొదళ్ళలోకి పోతున్నాయి.

"ఏంటి సార్ ఇది?" అన్నాను.

"తోటకు పోయొద్దన్నారు. నా నెత్తిన పోసుకోవద్దని అనలేదుగా?"

పిల్లలు కిటికీల్లోంచి చూసి నవ్వేవాళ్ళు. ఆయన లెక్కచేయలేదు. ఎముకలు తేలిన ముసలి ఒళ్ళు, వణుకుతూ, రోజూ పొద్దున్నే అట్లా. ఆ నీళ్ళతోనే కొన్ని నెలలు మొక్కలు ఊపిరి పట్టుకుని ఉన్నాయి. పూతకు వచ్చే వయసు కూడా దగ్గరపడింది.

ఒక పొద్దున ఆయన తన వంతు తోడుకున్నాక, వెనకున్న ఆడమనిషి చేద దించితే బురద వచ్చింది. ఆమె చేద వైపు చూసింది, ఖాళీ బిందె వైపు చూసింది. ఆయన తన బకెట్టు ఆమె బిందెలో వంచేశారు. ఆ తర్వాత మళ్ళీ బావి దగ్గరికి రాలేదు. పీట చాలా రోజులు మడిలోనే ఉండిపోయింది.

కొత్త పిల్లలకు నేను ఒక మాట చెబుతాను, మీకు నచ్చకపోవచ్చు. ఒక్క పేపరు కూడా అచ్చు వేయకుండా పోయినవాణ్ణి అసమర్థుడంటారు ఇప్పుడు. ఈయన వేయలేదు. నేను చూసినంతలో మా శాస్త్రాన్ని అంతగా ప్రేమించినవాడు లేడు, అంత పూర్తిగా వదులుకున్నవాడూ లేడు.

ఆయన రిటైరయ్యారు. తర్వాత వచ్చిన హెడ్డుకు శుభ్రత పిచ్చి. ఎండిన మడి పీకించి సైకిళ్ళ షెడ్డు వేయించారు. వద్దని నేను కొట్లాడితే గోడ మూల జానెడు నేల వదిలారు.

పూత

తర్వాతి ఏడు వానలు పడ్డాయి. ఆ మూల నుంచి చచ్చాయనుకున్న వేర్లు కొన్ని చిగురేశాయి. మూడు పెద్ద గుట్టవి, ఒకటే ఒకటి గద్దల గుట్టది. మరో రెండేళ్ళకు ముంగారు జల్లుకు పెద్ద గుట్టవి పూశాయి. ఒకే మట్టి, ఒకే వాన. పక్కనే ఉన్న నాలుగోది ఉలకలేదు. నేను రోజూ సైకిళ్ళ మధ్య నుంచి దూరి చూసేవాణ్ణి. కార్తీకంలో అది పూసింది.

తేడా రక్తంలోనే ఉంది. ఆయన చెప్పింది నిజం. ఒకటి రెండవుతూ ఉండింది. కానీ ఆ బలుసుకు తన పుప్పొడి తనకు పట్టదు, పక్కన తన జాతిది మరొకటి పూయాలి. మరొకటి ఎక్కడా లేదు. కాయ పట్టదని నాకు పూత చూస్తూనే తెలుసు. చచ్చిపోయిన జాతులకు పుస్తకాల్లో పేరైనా ఉంటుంది. ఇది పేరు పెట్టించుకునేంత వయసు కూడా రాకముందే పోతోంది. సైకిళ్ళ షెడ్డులో నిలబడి ఏడ్చాను.

గుట్ట మీద సందుల్లో ఏ వేరైనా మిగిలిందేమోనని మర్నాడే తనకల్లు పోయాను. ఏమీ లేదు. గంగమ్మ గుడిసెకు కప్పు లేదు. బస్సు దిగేచోట అంగడాయన చెప్పాడు, "మేకలన్నీ సచ్చిపోయినాయన్నా. బెంగళూరు దిక్కు కూలికి పోయినారు. సిన్నోడు దావలోనే పోయినాడంట."

తిరిగి వచ్చి, ఒక పూత రెమ్మ తుంచుకుని శేషాచలం గారి గదికి వెళ్ళాను. ఆయన మంచం పట్టి అప్పటికి చాలా నెలలయింది. చూపు ఆనడం లేదు. రెమ్మ చేతిలో పెట్టి, "గద్దల గుట్టది సార్. కార్తీకంలోనే పూసింది. మిగతావి ముంగారుకే పూశాయి," అన్నాను.

ఆయన వేళ్ళతో పూలను తడిమారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. బతుకంతా ఎదురుచూసిన మాట విన్నారు కదా, ఏదో ఒకటి అంటారనుకున్నాను.

"గంగమ్మ వాళ్ళు ఎట్లా ఉన్నారయ్యా?" అన్నారు.

"ఊర్లో లేరు సార్. బెంగళూరు వైపు పనికి పోయారంట."

"పిల్లలు? ఆ చంకలోవాడు?"

నేను ఆయన మీద దుప్పటి సర్దాను.

"బాగున్నాడంట సార్. పెద్దవాడయ్యాడంట," అన్నాను.

ఆయన రెమ్మను గుండె మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఎన్నో ఏళ్ళుగా చూడని నవ్వొకటి ఆ మొహంలోకి మెల్లగా వచ్చింది.

"అయితే బలుసు ఊరికే పోలేదన్నమాట," అన్నారు.

"అవును సార్," అన్నాను.